మైలకు మాత్ర

గత సంవత్సరము కార్తికమాసమున నేనొక మందుల దుకాణమునకు పోయి ఒక చీటిని చూపితిని. చీటి వైద్యుడు వ్రాసినది కాదు. మా యమ్మ చెప్పగా నేనే వ్రాసికొన్నది. దుకాణదారుడు దానిని పూర్తిగా చదువనైనను చదువక, "పూజకా సారూ, పెండ్లికా?" అని యడిగెను. పూజకని చెప్పితిని. "ఎన్ని రోజులు ఆపాలె?" అనెను. ఆఱు దినములంటిని. అతడు మాత్రలు లెక్కపెట్టి కాగితపు పొట్లమున వేసి యిచ్చెను. మ్రింగునది యెవరు, ఆమె వయస్సెంత, రక్తపుపోటు గలదా, తలనొప్పి గలదా, కాలేయవ్యాధి గలదా, చంటిబిడ్డ గలదా, ఇవి యేవియు అతడడుగలేదు. నేనును చెప్పలేదు. మా యిరువురకును తెలియవలసిన దొక్కటే: దేవుని పూజకు అడ్డము రాకుండవలెను.

నేను ఇరువదియేండ్లుగా బడిలో పాఠములు చెప్పుచున్నవాడను. మూఢాచారములను గూర్చి పిల్లలచే ఎన్నియో వ్యాసములు వ్రాయించినవాడను. ఆ పొట్లమును జేబులో వేసికొని బచ్చన్నపేట బజారునుండి యింటికి నడచుచున్నపుడు నాకు లేశమైనను సిగ్గు కలుగలేదు. కలుగుటకు పది నెలలు పట్టినది; అదియు నాయంతట కలుగలేదు.

నెలసరిని మాత్రలతో ఆపవచ్చునా యను ప్రశ్న నేడు చదువుకొన్న యిండ్లలో తఱచుగా వినబడుచున్నది. దీనిపై రెండు పక్షములు గలవు. ప్రకృతిసిద్ధమైన దానిని ఆపుట దోషమనియు, చెడురక్తము లోపల నిలిచి దేహమును విషమయము చేయుననియు ఒక పక్షము. విజ్ఞానశాస్త్రము స్త్రీకి ప్రసాదించిన స్వాతంత్ర్యమిది, ఇష్టమైనపుడు ఆపుకొనుట ఆమె హక్కు అని రెండవ పక్షము. మొదటివారి వైద్యజ్ఞానము తప్పు. రెండవవారిది చాలవఱకు ఒప్పు. కాని వారు చూడని దొకటి కలదు. మన యిండ్లలో ఈ మాత్రను మ్రింగు స్త్రీలలో ఎందఱు తమ కోరికపై మ్రింగుచున్నారు? నా వాదమంతయు ఈ ప్రశ్నపైననే నిలిచియున్నది. తన బాధ తగ్గుటకు, తన బలము నిలుచుటకు, తన పని సాగుటకు, వైద్యుల యాలోచనతో ఒక స్త్రీ నెలసరిని ఆపుకొనినచో నేను కాదనను. ఇంటివారి మైలకు వెఱచి ఆమె మాత్ర మ్రింగినచో దానిని వైద్యమనుటకు నాకు నోరు రాదు. చేయని తప్పునకు ముందుగనే చేసికొను ప్రాయశ్చిత్తమది.

ముందుగా మాత్రల సంగతి. జనులు ఒక్క పేరుతో పిలుచునవి నిజమునకు రెండు విధములు. ఒకటి గర్భనిరోధకమాత్ర. ప్రభుత్వపు ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా దొరకు మాలా-ఎన్ ఇట్టిది. అందు లెవోనార్జెస్ట్రెల్, ఇథినైల్ ఈస్ట్రడయాల్ అను రెండు హార్మోనులు గల మాత్రలు ఇరువదియొకటియు, ఇనుము గల మాత్రలు ఏడును ఉండును. రెండవది నొరిథిస్టెరోన్ అను మందు. పూజలకు పెండ్లిండ్లకు కొనుచున్నది ఇదియే. నెలసరి రావలసిన దినమునకు మూడు దినములు ముందుగా మొదలిడి, ఐదేసి మిల్లీగ్రాముల మాత్రలు దినమునకు మూడు చొప్పున మ్రింగుట వాడుక. మానిన రెండు మూడు దినములకు రక్తము కనబడును. ఈ రెండవది ఈ రీతిగా వాడినపుడు గర్భమును ఆపదు. ఆపునని నమ్మియున్న దంపతులను నేనెఱుగుదును.

ఇవి పనిచేయు తీరు కష్టమైనది కాదు. అండము విడుదలైన పిమ్మట అండాశయము ప్రొజెస్టెరోన్ అను ద్రవ్యమును పుట్టించును. దాని బలమున గర్భాశయపు లోపలి పొర నిలిచియుండును. గర్భము రానిచో ఆ ద్రవ్యము తగ్గును, పొర రాలును, అదియే నెలసరి. నొరిథిస్టెరోన్ ఆ ద్రవ్యమునకు బదులు నిలిచి పొరను రాలనీయదు. గర్భనిరోధకమాత్ర యన్ననో అండమునే విడుదల కానీయదు, పొరను దళసరి కానీయదు. కావున ఆగిన రక్తము కుండలోని నీరువలె లోపల నిలిచి మురుగుననుట వట్టిమాట. నిలుచుటకు అక్కడ రక్తమే చేరలేదు.

ప్రకృతివాదులు వినవలసిన దింకొకటి గలదు. గర్భనిరోధకమాత్ర మ్రింగు స్త్రీకి ఇరువదియొక దినముల పిమ్మట వచ్చునది అసలు నెలసరియే కాదు; మందు మానుటవలన కలుగు స్రావము. అమెరికాలో గ్రెగరీ పింకస్, జాన్ రాక్ అనువారు మొదటి మాత్రను సిద్ధపఱచినపుడు అది స్త్రీలకలవాటైన క్రమమును పోలియుండవలెనని ఈ విరామమును కల్పించిరి. ఆ మాత్రకు అమెరికా ప్రభుత్వము 1957లో నెలసరి చిక్కులకు మందుగాను, 1960లో గర్భనిరోధకముగాను అనుమతి నిచ్చెను. మూడు నెలల కొకమారు మాత్రమే స్రావము కలిగించు మాత్ర 2003లో, ఏడాది పొడవునను ఆపు మాత్ర 2007లో అక్కడ అనుమతి పొందెను. ఆ ఏడుదినముల విరామమువలన ఆరోగ్యమునకు లాభమేమియు లేదని బ్రిటనులో ఈ విషయమున ప్రమాణమైన వైద్యసంఘము 2019లో ప్రకటించెను. మాలా-ఎన్ లో ఆ ఏడు దినములకు ఇనుపమాత్ర నుంచుటయందు మన ప్రభుత్వమువారి యుద్దేశము చక్కనిది: మాత్ర మ్రింగు అలవాటు తప్పదు, పోయిన రక్తమునకు కొంత పూరింపును జరుగును.

ఇంతకును ప్రకృతి యననేది? ఆఫ్రికాలోని మాలీ దేశమున డోగన్ జాతివారి నడుమ చిరకాలముండి పరిశోధించిన బెవర్లీ స్ట్రాస్‌మన్ అను విదుషి, అక్కడి స్త్రీకి జీవితమున సుమారు నూరుమార్లు నెలసరి వచ్చునని లెక్కించినది. తఱచు గర్భములు, ఏండ్లతరబడి పాలిచ్చుట, ఇందుకు కారణములు. ఒకరిద్దఱు బిడ్డలతో చాలించు నేటి స్త్రీకి అది నన్నూఱుమార్లకు మించుచున్నది. మా యమ్మమ్మ తొమ్మండుగురిని కన్నది. ఆమె ముట్టుదినములు నా భార్య దినములలో మూడవవంతైనను ఉండవు. పూర్వులవలె నెలనెలయు రావలెననువారు పూర్వుల లెక్క చూచికొనలేదన్నమాట. ఆ డోగన్ వారును ముట్టయిన స్త్రీని ప్రత్యేకమైన గుడిసెలో నుంచుదురు. నూరుమార్లు వచ్చినను, నన్నూఱుమార్లు వచ్చినను బయట పెట్టుటకు మగవానికి తీరిక చాలుచునే యున్నది.

కాని మందు మందే. రక్తనాళములలో గడ్డలు కట్టినవారు, కాలేయవ్యాధి గలవారు, రొమ్ముక్యాన్సరు వచ్చినవారు నొరిథిస్టెరోన్ జోలికి పోరాదు. గర్భనిరోధకమాత్రకు వీరేగాక, రక్తపుపోటు హెచ్చుగా నున్నవారును, ముందుగా కన్నులయెదుట మెఱుపులు తోచి పిమ్మట సగము తల పగులునట్లు నొప్పి వచ్చువారును తగరు. నొరిథిస్టెరోనులో కొంత దేహమున చేరి ఈస్ట్రోజనుగా మాఱును గనుక ఆ జాగ్రత్త దీనికిని అవసరమే.

నా భార్యకు ఆ మెఱుపుల తలనొప్పి పెండ్లినాటినుండియు గలదు. నాకు తెలియును. పొట్లము కొన్న దినమునను తెలియును. అది యిక్కడ అడుగవలసిన ప్రశ్న యని నాకు తోచలేదు, అంతే.

యాదగిరిగుట్టపై సత్యనారాయణవ్రతమునకు మేము కుటుంబముతో పోతిమి. మూడవ మాత్రనుండియే ఆమెకు వికారము, నాలుగవ దినమునుండి తలనొప్పి. వ్రతమున నాలుగవ కథ నడచుచుండగా ఆమె కన్నులు మూసికొని గోడ కానుకొని కూర్చున్నది. ఎంత భక్తి యని ప్రక్కనున్న బంధువులు మెచ్చుకొనిరి. ఇంటికి వచ్చిన పిమ్మట రక్తస్రావము తొమ్మిది దినములు నిలువలేదు. అపుడు నేను గట్టిగా నడుగగా, ఇది నాలుగవ పర్యాయమని చెప్పినది. తమ్ముని పెండ్లికొకమారు, కొమురవెల్లి మల్లన్నకు పట్నము వేయించినపు డొకమారు, మేడారము జాతరకు పోయినపు డొకమారు, ఈ వ్రతమున కొకమారు. మొదటి మూడింటికిని మాత్రలు ఆడవారు ఆడవారికే చేతులు మార్చుకొన్నవి. ఒకరికి మిగిలినవి ఇంకొకరికి. మగవాడు స్వయముగా కొనితెచ్చుట నాతోనే మొదలు. ఇంట సంస్కారము పెరిగినదని చెప్పుకొనవలసినదే!

ఇట్లు మానవలసిన పాఠమును నేను మానలేదు. మొన్న శ్రావణమాసమున మా తమ్ముని గృహప్రవేశము వచ్చెను. ఈమారు మా యమ్మ నా కూతురికిని మాత్రలు తెమ్మన్నది. పదునేడేండ్ల పిల్ల, ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరము చదువుచున్నది. నేను తెచ్చితిని. ఆమె పొట్లము చేతిలోనికి తీసికొని చూచి, "పరీక్షలప్పుడు నేను కడుపునొప్పితో మెలికలు తిరిగినప్పుడు ఒక్క గోలీ తెచ్చినవా నాన్నా? దేవునికంటే అడుగకముందే తెచ్చినవు" అన్నది.

నిజమే. వార్షికపరీక్షలలో రెండు దినములు ఆ పిల్ల నీరసించి, ముఖము తెల్లబోయి, పొట్టకు వేడినీళ్ల సీసా పెట్టుకొని చదివినది. ఆడపిల్లలకది మామూలేనని మా యమ్మ, మామూలేనని నేను. ఆ నొప్పికి వైద్యముండుననియు, అధికమైన నొప్పి వెనుక ఎండోమెట్రియోసిస్ వంటి వ్యాధి దాగియుండవచ్చుననియు, అట్టివారికి వైద్యులు ఈ గర్భనిరోధకమాత్రలనే మందుగా నిత్తురనియు నేను పుస్తకములలో చదివినది అపుడు జ్ఞప్తికి రాలేదు. ఒకే మాత్ర. పిల్ల బాధకైనచో అవసరములేదు, ప్రమాదము. దీపము మైలపడుననినచో అవసరము, నిరపాయము!

ఇది మా యింటి సంగతి మాత్రమే కాదు. జాతీయ కుటుంబారోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారము తెలంగాణమున పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల లోపు స్త్రీలలో నూటికి 57.6 మంది రక్తహీనులు. అంతకు ముందటి సర్వేలో 56.6. అయిదేండ్లలో తగ్గకపోగా ఒక యించుక పెరిగినది. అధికస్రావమువలన రక్తహీనురాలైన స్త్రీకి నెలసరిని తగ్గించుట, కొంతకాలము ఆపుట నిజమైన చికిత్స. కాని మన పల్లెలలో అధికస్రావమునకు స్త్రీని వైద్యురాలి యొద్దకు తీసికొనిపోయినవారెందఱు? బడిలో పదవతరగతి పిల్ల ప్రార్థనాసమయమున కూలబడినచో ఎండదెబ్బ యని నీళ్లు చల్లి పంపుచున్నాము. ఆ పిల్లయే సరస్వతీపూజనాడు బడికి రాకున్నచో ఎందుకు రాలేదని ఉపాధ్యాయులమెవ్వరమును అడుగము. అడుగనక్కఱలేకుండనే తెలిసికొనుటయందు మాత్రము మేము గట్టివారము.

తెలుగుభాష ఈ విషయమున మన గుట్టు బయటపెట్టుచున్నది. ముట్టు, అంటు, మైల, దూరము, బయట: నెలసరికి మన యిండ్లలో వాడు మాటలివి. ఇందులో నొక్కటియు రక్తమును గూర్చి చెప్పదు, నొప్పిని గూర్చి చెప్పదు. అన్నియు ఇంటివారు ఆమెకెంత యెడముగా నిలువవలెనో చెప్పునవే. తాకుటకు 'ముట్టు' అనియే యందుము, తాకరానిదానికిని అదే మాట. సంస్కృతము కొంత నయము. పుష్పమనియు, ఋతువనియు అన్నది. పిల్ల పుష్పవతి యైనదని పందిరి వేసి పేరంటము చేయుదుము. ఆ మఱుసటి యాశ్వయుజమున ముట్టయినచో తంగేడుపువ్వు ముట్టనీయము, బతుకమ్మను దూరమునుండి చూడుమందుము. పుష్పవతికి పువ్వు నిషేధము!

ఈ మైల ఎక్కడ అంటును, ఎక్కడ అంటదు అనునది విచారింపదగినది. మా మండలమున వరినాట్లకు, పత్తి యేరుటకు పోవు స్త్రీలు ముట్టుదినములని కూలి మానుకొనరు. మానినచో కూలి లేదు. ఆ చేతులు నాటిన వరి బియ్యమగును, ఆ బియ్యము నైవేద్యమగును, ఆ చేతులు ఏరిన పత్తి దీపమున వత్తియగును. అపుడు మైల లేదు. పట్టణములలో భార్యాభర్తలిరువురే యుండు ఇండ్లలో వంటకును మైల పోయినది, ఏలయన వంటచేయు రెండవ మనిషి లేదు; పూజగదికి మాత్రము నిలిచినది, ఏలయన దీపము మగవాడును వెలిగింపగలడు. మగవాని యాకలి యెదుట తలవంచిన శాస్త్రము స్త్రీ నొప్పి యెదుట వంగలేదు. ఇక ఆ మూడు దినములు స్త్రీకి విశ్రాంతికై పూర్వులు కల్పించినవని చెప్పువారు గలరు. విశ్రాంతి యైనచో కోరినవారికి చాప వేయవలెను, కోరనివారిని లేపి బయట కూర్చుండబెట్టుట యెందుకు? విశ్రాంతి తీసికొన్నవారి కంచము వేఱుగా కడుగుట యెందుకు?

శాస్త్రములను చదువనివాడనని నన్ను త్రోసిపుచ్చుటకు వీలులేదు గనుక వానిని గూర్చియు రెండు మాటలు. తైత్తిరీయసంహితలో నొక కథ గలదు. ఇంద్రుడు త్వష్ట కుమారుడైన విశ్వరూపుని చంపి, బ్రహ్మహత్యాదోషమును మోయలేక పంచిపెట్టెను. భూమి యొక పాలు, చెట్లొక పాలు, స్త్రీలొక పాలు గైకొనిరి. స్త్రీలకు చేరినది రజస్సయ్యెను. భాగవతమున నీటికిని ఒక పాలు కలదు. ఆ షష్ఠస్కంధమును తెనిగించినవాడు పోతన కాదు, ఏర్చూరి సింగన. సరియే, కథను అక్షరాల నమ్ముదము. పాపము చేసిన దెవరు? ఇంద్రుడు. అతడు స్వర్గమున నున్నాడు. అతనికి హవిర్భాగము తప్పలేదు. పాలుపంచుకొన్న భూమిని దున్నుచున్నాము, ఆ భూమిపైననే గుడి కట్టుచున్నాము. పాలుపంచుకొన్న చెట్టును కోసి గుడితలుపులు చేయుచున్నాము. పాలుపంచుకొన్న నీటితో దేవునకు అభిషేకము చేయుచున్నాము. నలుగురిలో స్త్రీ యొక్కతెయే గడపయవతల నిలువవలెనట! పరుని యప్పు తీర్చినదానికి మనమిచ్చు మర్యాద యిది. అదిగాక, రజస్సు నెలనెలయు స్త్రీ దోషములను హరించునని వసిష్ఠధర్మసూత్రము చెప్పుచున్నది. శుద్ధి చేయునదే యశుద్ధమెట్లగునో పండితులు సెలవియ్యవలెను.

దూరమెందుకు? 2016లో జిల్లాగా ఏర్పడిన మా జనగామలోనిదే పాలకుర్తి, బసవపురాణకర్త సోమనాథుని యూరు. ఆయన చేపట్టిన వీరశైవము లింగధారులకు పంచసూతకములు లేవని చెప్పినది: పురుడు, చావు, జాతి, ఎంగిలి, రజస్సు. ఏడెనిమిది శతాబ్దములకు పూర్వము ఈ నేలపై నొక మతము ముట్టు మైల కాదనగలిగినది. దేవుడేమియు అలుగలేదు, ఆ శివుడు అక్కడనే యున్నాడు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము పదునేడవ యధికరణమున అంటరానితనమును రద్దుపఱచినది. నేపాళము ముట్టయిన స్త్రీలను పాకలలో నుంచుటను 2017లో నేరముగా చట్టము చేసినది. మనయొద్ద పాకలు పోయినవి, మాత్ర వచ్చినది.

అయ్యప్పదీక్షలను గూర్చి చెప్పక తప్పదు. భక్తిని నేను నిందింపను; మండలదీక్షవలన త్రాగుడు మానినవారిని మా యూర చూచితిని. కాని నలువదియొక్క దినములు మాల ధరించినవాని యింట భార్యకో కూతురికో నెలసరి రాకుండునా? కనీసమొకమారు, ఒక్కొక్కప్పుడు రెండుమార్లు. కొందఱు పుట్టినింటికి పంపుదురు. పుట్టినిల్లు లేనివారికి, పరీక్షలున్నవారికి, ఉద్యోగమున్నవారికి మాత్ర. నియమము పెట్టుకొన్నవాడు అతడు. వారములతరబడి మందు మ్రింగునది ఆమె. నేలపై పండుకొనుట, చన్నీటిస్నానము, ఏకభుక్తము తానే చేయుచున్న స్వామి ఈ యొక్క నియమమును మాత్రము ఇల్లాలిచే చేయించుట ఎట్టి దీక్ష?

ఇదంతయు మా యమ్మతో వాదించితిని. ఆమె ఓపికతో విని, "మేము గొడ్లకొట్టం పక్కన గోనెసంచి మీద పండుకున్నం బిడ్డా. వానకాలం పాములు వచ్చేటివి. నీ పుట్టుకకు ముందు నాకు సన్నిపాతజ్వరం వచ్చినప్పుడు గూడ లోపలికి రానియ్యలే. ఇప్పుడు కోడలుపిల్ల ఒక్క గోలి మింగి అందరితోని కూసుంటున్నది. అది నీకు పాపంగ కనబడుతున్నదా?" అన్నది.

ఈ మాటకు బలము గలదు. దానిని దాటిపోవుట న్యాయము కాదు. గొడ్లకొట్టముతో పోల్చినచో మాత్ర దయయే. ఆమె తన కోడలికి కీడు తలపెట్టలేదు. తాను పడిన యవమానమునుండి తప్పించుటకు తనకు తెలిసిన దారిని చూపినది. పెక్కు యిండ్లలో ఈ మాత్రను అందించుచున్నది ప్రేమ గల చేయియే యని నేనిపుడు తెలిసికొన్నాను. కావుననే దీనిని మాన్పించుట గొడ్లకొట్టమును మాన్పించుటకంటె కష్టము. గొడ్లకొట్టమున స్త్రీ పడిన కష్టము ఎదుటివానికి కనబడెడిది, ఎన్నడో యొకనాడు సిగ్గుపఱచెడిది. మాత్ర దానిని కడుపులోనికి పంపి కనబడకుండ చేసినది. పూజలో భార్య ప్రక్కన కూర్చుండగా మైల యనునది యింట నున్నట్లే మగవానికి తోచదు. నాకు తోచలేదు.

ఈ త్రోవ యెక్కడికి పోవునో మన తెలుగుదేశములే చూపుచున్నవి. 2015-16 నాటి కుటుంబారోగ్య సర్వేలో, నలువదితొమ్మిదేండ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి 3.2 మంది కాగా తెలంగాణమున 7.7, ఆంధ్రప్రదేశమున 8.9. ఇది దేశమునకెల్ల పెద్దలెక్కలలోనిది. వీరిలో నిజముగా శస్త్రచికిత్స కావలసినవారు కలరు. కాని ముప్పదియేండ్లు దాటి కొంచెము తెల్లబట్ట యైనంతనే, స్రావము కొంచెము హెచ్చినంతనే, "పిల్లలు పుట్టిరి గదా, ఇంక అదెందుకు, తీసివేసిన పీడ పోవును" అనెడి మాట నేను మా బంధువుల నోటనే వింటిని. పీడ యన నేమి? నొప్పి, కూలి నష్టము, మైల, మూడును గలిసిన మూట. మహారాష్ట్రమున బీడు జిల్లాలో చెఱకుకోతకు పోవు స్త్రీలు కూలి పోవునని గర్భసంచి తీయించుకొనుట 2019లో బయల్పడి ఆ ప్రభుత్వము విచారణసంఘమును వేయవలసివచ్చెను. అనవసరపు శస్త్రచికిత్సలను అరికట్టు నియమములను రాష్ట్రములన్నియు అమలుపఱుపవలెనని 2023లో సర్వోన్నతన్యాయస్థానము ఆదేశించెను. అండాశయములతోగూడ తీసివేసినచో ముప్పదియైదేండ్లకే ఎముకలు గుల్లబాఱుట మొదలిడును. నెలనెలయు రెండు దినములు వాయిదా వేయుచు వచ్చిన దానిని ఒక్కసారిగా కోసివేయించుట, మైల నమ్మినవారికి న్యాయమైన ముగింపే.

కొందఱు మిత్రులు, అట్లైన యింటింట పోరుపెట్టుమందువా యని యడుగుచున్నారు. నేను చేసినది చెప్పెదను. అది గొప్పది కాదు. తమ్ముని గృహప్రవేశమునకు మా పిల్ల మాత్ర మ్రింగలేదు. రెండవ దినమున నున్నను వచ్చినది. పురోహితుని మేము అడుగలేదు, ఆయన మమ్ము అడుగలేదు. పాలు పొంగినవి. మా యమ్మ మాత్రము ఆ దినము ప్రసాదము తీసికొనలేదు, నాతో నాలుగు దినములు మాటాడలేదు. మా మఱదలు నా భార్యను వంటగదిలోనికి పిలిచి, అక్కా, నేను ఈ ఉదయమే రెండవది మ్రింగితిని, మిగిలినవి మానవచ్చునా యని యడిగినదట.

ఇపుడు ఆశ్వయుజము సమీపించుచున్నది. తంగేడు పూయుచున్నది, దుకాణములలో పొట్లములు కట్టుచున్నారు. మా గూటిలో మిగిలిపోయిన మాత్రలను చూచి మా యమ్మ, "ఇవి ఇంక దేనికి?" అని నిన్న అడిగినది. ఉండనిమ్మంటిని. వచ్చు ఆదివారము జనగామలో స్త్రీవైద్యురాలికి భార్యను, కూతురిని చూపవలసియున్నది. తలనొప్పి సంగతి చెప్పునపుడు ఏ మందు ఎన్నిమార్లు మ్రింగినదో ఆమె అడుగును, పొట్లము చూపవలెను. మా యమ్మ కొంతసేపూరకుండి, తానును వచ్చెదనన్నది. తన మోకాళ్లు కూడ చూపించుకొనవలెనట.